వరి ఆకు, మొక్కజొన్న ఆకు ఒకటి కాదు

ఆకు ఎంత పచ్చగా ఉంటే అంత ఆహారం తయారవుతుందని మీ పిల్లల పేజీలో వచ్చిన వ్యాసంలో రాశారు. అది సరిపోదండీ. ఆహారం తయారీకి ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునేది రుబిస్కో అనే ఎంజైమ్. వరి ఆకులో అది కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఒక్కోసారి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఎండ ముదిరేకొద్దీ ఈ పొరపాటు పెరిగి, చేసిన పనిలో కొంత వృథా అవుతుంది. మొక్కజొన్న, జొన్న, చెరకు అలా కాదు. ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి కార్బన్ డయాక్సైడ్‌ను తోడిపోసి, రుబిస్కోను అక్కడే పని చేయిస్తాయి. మా అమ్మాయి మొక్కజొన్న ఆకును అడ్డంగా పల్చగా కోసి మైక్రోస్కోప్‌లో చూపించింది. ఈనె చుట్టూ ముదురు పచ్చని ఉంగరం! ఎంత ముచ్చటేసిందో. ఎండలోని శక్తిలో వరి రకం మొక్కలు గరిష్ఠంగా 4.6 శాతం, మొక్కజొన్న రకం 6 శాతం నిల్వ చేయగలవని శాస్త్రవేత్తల లెక్క. పొలంలో అంత రాదు. పిల్లలు చదివే పేజీ కదా, దయచేసి ఆ వాక్యం సరిచేయండి.