ట్యాబ్ నొక్కి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకు రాకీ లినక్స్ 9 సర్వర్ మీద డీఎన్ఎఫ్‌తో ట్యాబ్ నొక్కే యోగం పట్టలేదు. పట్టుంటే ఆ జాబితాలో మూడోది కూడా చేరేది.

డీఎన్ఎఫ్ అంటే ఈ లినక్స్‌లో ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్ మూటలను, తెచ్చి వేసే కమాండ్. పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపాలి, లేదా సరిపోయే పేర్లు చూపించాలి. తతంగం ఇలా మొదలవుతుంది. సుడో (అడ్మిన్ హక్కులతో నడిపించే కమాండ్) డీఎన్ఎఫ్ ఇన్‌స్టాల్ అని కొట్టి, పైథాన్3 పక్కన హైఫన్ పెట్టి ట్యాబ్ నొక్కుతారు. కర్సర్ మెరుస్తూ ఉంటుంది, అంతకుమించి ఏమీ జరగదు. పక్క సీట్లోంచి "నెట్ స్లోగా ఉందేమో అన్నా" అని తీర్పు వస్తుంది. ఇంకొకరు స్పీడ్ టెస్ట్ పెడతారు. పాపం, నెట్‌కూ దీనికీ సంబంధమే లేదు. ట్యాబ్ నొక్కినప్పుడు డీఎన్ఎఫ్ గడప దాటదు. మైనస్ క్యాపిటల్ సి ఆప్షన్‌తో నడిచి, ఇదివరకే తెచ్చి దాచిన సిస్టమ్ క్యాష్‌లో ఏముందో అదే చదువుకుంటుంది. కన్సోల్ ముందు కూర్చుని కేబుల్ పీకేసినా అంతే సేపు పడుతుంది.

ఆలస్యమంతా ఇంట్లోనే ఉంది. రాకీ 8, 9 వెర్షన్లలో ఉండే డీఎన్ఎఫ్ 4 పైథాన్ ప్రోగ్రాం. మీరు కొట్టే కమాండ్లను అందుకునే షెల్ అయిన బాష్‌కు వేరే దారి దొరక్కపోతే ప్రతి ట్యాబ్‌కూ ఒక కొత్త పైథాన్‌ను లేపుతుంది. అది మాడ్యూళ్లన్నీ లోడ్ చేసుకోవాలి, కాన్ఫిగ్ చదవాలి, ఎనేబుల్ చేసిన ప్రతి రిపో (ప్యాకేజీల గోదాము) మెటాడేటానూ (అందులోని సరుకుల పట్టీ) మెమరీలోకి ఎక్కించుకోవాలి, అప్పుడు గానీ మీరు అడిగిన పేర్లు ఏరదు. పోపుకి నాలుగు ఆవాలు కావాలంటే కిరాణా కొట్టు మొత్తం ఇంట్లో దింపించినట్టు. ఎపెల్ అనే అదనపు రిపో కూడా తగిలించి, ఒక్క కోర్, ఒక్క జీబీ ర్యామ్ ఉన్న వీఎం (వర్చువల్ మెషీన్) ఇచ్చారా, ఈలోగా మీరు కాఫీ తాగి రావచ్చు.

ఇంత చేసి తెచ్చిన సమాచారాన్ని బాష్ దాచుకుంటుందా అంటే అదీ లేదు. సరిపోయే పేర్లు చాలా ఉంటే మొదటి ట్యాబ్‌కు వచ్చేది ఒక బీప్ మాత్రమే. జాబితా కావాలంటే రెండోసారి నొక్కాలి, దానికి ఇంకో పైథాన్ మొదటి నుంచీ లేవాలి.

అసలు వినోదం ఈ విరామంలోనే. మీరు కొట్టే అక్షరాలు తెర మీద కనపడవు, కానీ ఎక్కడికీ పోవు, వరసలో నిలబడి ఉంటాయి. పేర్లు 100 దాటితే "ఇన్ని ఉన్నాయి, అన్నీ చూపించమంటావా, వై ఆర్ ఎన్" అని బాష్ అడుగుతుంది. ఆ ప్రశ్న రాకముందే ఓపిక నశించినవాడు తనకు కావలసిన నంపై (ఎన్, యు, ఎం, పి, వై) పేరును స్వయంగా కొట్టేసి ఎంటర్ నొక్కి ఉంటాడు. అందులో మొదటి ఎన్‌ను బాష్ "వద్దు" అనే జవాబుగా తీసుకుంటుంది. మిగిలిన నాలుగక్షరాలూ లైన్ మీదికి వస్తాయి. పైథాన్3-అంపై అనే ప్యాకేజీ కోసం డీఎన్ఎఫ్ బుద్ధిగా రిపోలన్నీ గాలించి, అలాంటిది దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. రిపోలోంచి ప్యాకేజీ ఎవరు పీకేశారని టీమ్ చాట్‌లో విచారణ మొదలవుతుంది.

పైయామల్ అనే ప్యాకేజీ కోసం వచ్చినవాడి పరిస్థితి ఇంకా ఘోరం. అదే ప్రశ్నకు పి అంటే బీప్. వై అంటే "చూపించు". ఒక పేజీ నిండా పేర్లు, కింద మోర్. రెండో వై అంటే ఇంకో పేజీ. ఏ, ఎం, ఎల్‌కు మూడు బీప్‌లు. చివరి ఎంటర్‌కు ఇంకో లైన్ కిందికి జరుగుతుంది. ఇన్‌స్టాల్ మాత్రం మొదలే కాలేదు. క్యూ నొక్కి బయటపడితే పైథాన్3, హైఫన్ వదిలినచోటే ఉంటాయి. మధ్యలో కంట్రోల్ సి కొడితే లైన్ మొత్తం పోతుంది, హిస్టరీలో కూడా దొరకదు.

దీనికి అడ్డదారి డీఎన్ఎఫ్ వాళ్లే వేశారు. డీఎన్ఎఫ్-ప్లగిన్స్-కోర్ అనే ప్యాకేజీలో ఉన్న ఒక ప్లగిన్, వార్ అనే ఫోల్డర్ కింద క్యాష్‌లోని డీఎన్ఎఫ్ ఫోల్డర్‌లో, ప్యాకేజెస్ డాట్ డీబీ అనే ఫైల్లో పేర్లన్నీ రాసి పెడుతుంది. బాష్, డేటాబేస్ ఫైళ్లు చదివే ఎస్‌క్యూలైట్3 కమాండ్‌తో దాన్ని అడిగిందా, పైథాన్‌ను లేపే పనే ఉండదు. చిక్కల్లా ఆ కమాండ్‌తోనే. 9లో, వేసిన ప్యాకేజీల లెక్క ఉండే ఆర్‌పీఎం డేటాబేసే ఎస్‌క్యూలైట్ మీద నడుస్తుంది కాబట్టి లైబ్రరీ ఎలాగూ ఉంటుంది. కమాండ్ మాత్రం వేరే ప్యాకేజీ, మినిమల్ సర్వర్లో అది ఉండకపోవచ్చు. రెండో అనుమానితుడు, డిస్క్ నిండిన రాత్రి ఆ డీఎన్ఎఫ్ ఫోల్డర్‌ను ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్‌తో మొత్తం చెరిపేసిన మహానుభావుడు. డీబీతో పాటు మెటాడేటా కూడా పోయింది కనక, ఇప్పుడు అంతసేపు ఆగినా ఫలితం సున్నా.

కాబట్టి ఎస్‌క్యూలైట్, డీఎన్ఎఫ్-ప్లగిన్స్-కోర్ రెండూ వేయండి. పేర్లు పూర్తిగా టైప్ చేసి వేయండి, ట్యాబ్ జోలికి పోవద్దు. తర్వాత క్యాష్ నింపడానికి సుడో డీఎన్ఎఫ్ మేక్‌క్యాష్ కొట్టండి. డీబీ ఫైలు వచ్చిందా, దాన్ని మామూలు యూజర్ చదవగలడా అని ఎల్ఎస్ మైనస్ ఎల్ తో చూడండి. ముందు సుడో అని కొట్టినా ట్యాబ్ మీ పేరు మీదే నడుస్తుంది. ఎంటర్ కొట్టేదాకా సుడోకు ఈ సంగతే తెలియదు. క్యాష్‌ను అప్పుడప్పుడూ తాజా చేసే డీఎన్ఎఫ్-మేక్‌క్యాష్ టైమర్‌ను ఎవరైనా మెమరీ మిగులుతుందని ఆపేసి ఉంటే డీబీ పాతబడుతుంది, కొత్త ప్యాకేజీలు ట్యాబ్‌కు కనపడవు.

కొందరు కోపంతో కంప్లీట్ మైనస్ ఆర్ డీఎన్ఎఫ్ కొట్టి ట్యాబ్‌కు పేర్లు నింపే ఆ కంప్లీషన్‌నే పీకేస్తారు. తర్వాతి ట్యాబ్‌కే బాష్-కంప్లీషన్ లోడర్ దాన్ని మర్యాదగా వెనక్కి పిలుచుకొస్తుంది. 2024 అక్టోబరులో వచ్చిన ఫెడోరా 41 అనే లినక్స్ నుంచి సీ ప్లస్ ప్లస్‌లో రాసిన డీఎన్ఎఫ్ 5 డిఫాల్ట్ అయింది, అక్కడ ఈ పైథాన్ బెడద లేదు. 9 మీద ఉన్నవాళ్లకు అది పక్కింటి భోగం.

ఇక అసలు బాష్-కంప్లీషన్ ప్యాకేజీయే లేని మినిమల్ సర్వర్లో ట్యాబ్ మెరుపులా పనిచేస్తుంది. రూట్‌గా లాగిన్ అయి, ఆన్సిబుల్-కోర్ అనే ప్యాకేజీ కోసం డీఎన్ఎఫ్ ఇన్‌స్టాల్ పక్కన ఏ, ఎన్ కొట్టి ట్యాబ్ నొక్కండి. తడుముకోకుండా అనకొండ-కేఎస్ డాట్ సీఎఫ్‌జీ అని నింపేస్తుంది. అది ప్యాకేజీ కాదు, ఇన్‌స్టాలర్ వదిలివెళ్లిన ఫైలు. బాష్‌కు తెలిసిందల్లా మీరు ప్రస్తుతం ఉన్న డైరెక్టరీలోని పేర్లే. బాష్-కంప్లీషన్ వేసి, లాగౌట్ అయి మళ్లీ రండి. అప్పుడు సరిగ్గా, నెమ్మదిగా పనిచేస్తుంది.