ఆ చీటీలో నడక ఏది?

క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కించుకుని, విశాఖలో ఒడిశాలోని రాయగడకు రైలెక్కే మనిషి చేతిలో ఓ చీటీ ఉంటుంది. అందులో మందుల పేర్లు, వేసుకునే వేళలు, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటాయి. ఇంటి దగ్గర రోజూ ఎంత నడవాలో మాత్రం, మేం చూసిన చీటీల్లో లేదు. ఇదేం నిర్లక్ష్యం?

చీటీ చెప్పనిది ఇరుగుపొరుగు చెబుతారు. ‘‘మంచం దిగకమ్మా, ఒంట్లో ఏముందని!’’ ప్రేమతోనే అంటారు. గడ్డను కుదించడానికి ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మందు నెలల తరబడి సాగుతుంది. అన్ని నెలలూ మంచానికి అతుక్కుపోతే కాళ్ల కండ కరిగిపోతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కత్తి కిందికి వెళ్లాల్సింది ఆ ఒళ్లే.

చికిత్స సాగుతుండగానే వ్యాయామం చేయించాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి, ఆపరేషన్‌కు ముందు చికిత్సలో ఉన్న క్లోమ క్యాన్సర్ రోగులకు ఇంట్లోనే వారానికి కనీసం 60 నిమిషాల నడక, 60 నిమిషాల కండరాల కసరత్తు అప్పగించి చూసింది. దీనికి జిమ్ములు అక్కర్లేదు. పెరట్లో పది నిమిషాల చొప్పున నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, నీళ్లు నింపిన సీసా ఎత్తి దించడం. గుణుపురంలో ఏ ఇంటికి ఇవి కరవు?

ఓపీలో రద్దీ, రోగుల నీరసం, ఇన్ఫెక్షన్ భయం గురించి వైద్యులు చెప్పేది కాదనం. అయితే ఆ భయాలకు మందు కూడా ఆ చీటీయే కదా! జ్వరం 100.4 దాటినా, కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆపేసి ఫోన్ చేయాలని రాయాలి. ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి, జబ్బు ఎముకలకు పాకినవారికి ఏది చేయకూడదో రాయాలి. అసలేమీ రాయకపోతే రోగి భయంతో మంచమే ఎక్కుతాడు.

రాసినా ఏ భాషలో? ఇటు కటక్ వెళ్తే ఒడియా, అటు విశాఖ వెళ్తే ఇంగ్లిష్. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, జయపురం ఇళ్లలో తెలుగు తప్ప చదవలేని పెద్దవాళ్లున్నారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఈ పర్లాకిమిడి నుంచే. ఆ ఊరి రోగికే తన ప్రాణానికి సంబంధించిన మాట తన భాషలో అందకపోవడం సిగ్గుచేటు.

మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికి వెళ్లే డేకేర్ క్యాన్సర్ కేంద్రాలను 2025–26లో జిల్లా ఆసుపత్రుల్లో 200 తెరుస్తామని కేంద్ర బడ్జెట్ చెప్పింది. సంతోషం. మందు ఎక్కించి పంపేయడమే వాటి పనైతే, ఈ మౌనమే జిల్లా ఆసుపత్రులకూ పాకుతుంది. ఫిజియోథెరపిస్టు లేడనే సాకు ముందే వద్దు. ఒడియా, తెలుగు రెండింటిలో ఒక పేజీ అచ్చు వేయడానికి, ఆశా కార్యకర్తను వారానికోసారి ఆ గడప తొక్కమనడానికి ఏ బడ్జెట్ కావాలి? తర్వాతి కీమో తేదీ రాయడానికి ఆడిన చేయి, దాని కింద ‘రోజూ నడవండి’ అని రాయడానికి ఎందుకు ఆడదు?