మహారాజశ్రీ ఇంటర్నెట్ కారు గారికి

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఆ సంగతి మీకు ముందే తెలుసనుకోండి. మేం ఎప్పుడు బయల్దేరామో, ఎక్కడ ఆగామో, బ్రేకు ఎంత గట్టిగా తొక్కామో మీలోని సిమ్ ఎప్పటికప్పుడు మీ పుట్టింటికి (అదే, మిమ్మల్ని తయారుచేసిన కంపెనీకి) కబురు చేరవేస్తూనే ఉంటుంది కదా.

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌షైర్‌లోని వైటన్ వైమానిక స్థావరం దగ్గర మీకు జరిగిన మర్యాద గురించి 2025లో వార్తల్లో చదివాను. చైనా విడిభాగాలున్న ఎలక్ట్రిక్ కార్లను రెండు మైళ్ల అవతలే ఆపుకోమన్నారట. ఉపగ్రహ చిత్రాలు చూసి ఎవడి ట్యాంకు ఎక్కడుందో చెప్పే నిఘా నిపుణులు పనిచేసే చోటది! అంతటివాళ్లే మీరెక్కడ గూఢచర్యం చేస్తారోనని జంకారంటే మాటలా?

అయితే నాకో అనుమానం. రోజూ పొద్దున్నే స్థావరానికి రెండు మైళ్ల దూరంలో ఆగి, సాయంత్రం దాకా కదలకుండా ఉండి, మళ్లీ ఇంటిదారి పట్టే కారు ఎలాంటి ఉద్యోగిదో కనిపెట్టడానికి గూఢచారే కావాలా? మీ కెమెరా స్థావరానికి దూరంగా ఉంది, సరే. సారుగారి ఇల్లు, పిల్లల బడి, ఆదివారం వెళ్లే హోటలు, బ్లూటూత్ కలిపినప్పుడు అప్పజెప్పిన ఫోన్ నంబర్లు మాత్రం మీ దగ్గరే భద్రం.

చైనావాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2021లో అమెరికా కంపెనీ టెస్లా కార్లను సైనిక ప్రాంగణాల్లోకి రానివ్వలేదు. 2022 వేసవిలో పెద్ద నాయకులు సేదతీరే బెయ్‌దైహె ఊళ్లోకే రెండు నెలలు రావద్దన్నారు. మా కార్లు గూఢచర్యం చేస్తే కంపెనీయే మూతపడుతుందని టెస్లా అధిపతి మస్క్ మొత్తుకున్నారు. అక్కడి డేటాను అక్కడే దాచాక, 2024లో డేటా భద్రత పరీక్షలో పాసైనట్టు సర్టిఫికెట్ దొరికింది. ఎవరి అనుమానం వాళ్లది. నన్నడిగితే ఇద్దరి అనుమానమూ సబబే.

స్వదేశీ బండైతే నిశ్చింత అనుకుందామా అంటే, 2024 చివర్లో జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వారి సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల డేటా క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ గోదాములో, తలుపులు బార్లా తీసుకుని కనబడింది. అందులో పోలీసు బండ్ల తిరుగుళ్లూ ఉన్నాయి. పరాయివాడు దొంగిలించే అవసరమే రాలేదు పాపం.

చివరగా ఒక్క విన్నపం. తమరు పుట్టింటికి పంపే కబుర్ల నకలు ఒకటి, బండి కొన్నవాడికీ పంపించండి. మీకు డబ్బు కట్టింది ఆయనే, ఆ సిమ్ ఖర్చుతో సహా.

ఇట్లు,
తమ విధేయుడు,
నెలనెలా ఈఎంఐ కట్టేవాడు