తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది

జిల్లా పరిషత్ వల్ల ఎవరికి ఏం ఒరిగిందని కొందరు అడుగుతుంటారు. అది వట్టి అజ్ఞానం. గ్రూప్-1, గ్రూప్-2లకు కుస్తీ పట్టే పిల్లలంతా దాన్ని నమ్ముకునే ఉన్నారు. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ ఏ సంవత్సరం? 1957. పంచాయతీరాజ్ మొదట ఎక్కడ మొదలైంది? రాజస్థాన్‌లోని నాగౌర్, 1959 అక్టోబర్ 2. మన దగ్గర? షాద్‌నగర్, అదే ఏడాది నవంబర్ 1. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ అమల్లోకి వచ్చిన తేదీ? 1993 ఏప్రిల్ 24. పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీ వ్యవస్థకు అప్పగించదగ్గ అంశాలెన్ని? 29. ఇన్ని మార్కులు తెచ్చిపెట్టే వ్యవస్థను పట్టుకుని దండగ అనడానికి నోరెలా వస్తుంది? ఆ 29 అంశాల్లో జడ్పీ చేతికి నిజంగా వచ్చినవెన్ని అనే ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ కనపడదు. బహుశా సిలబస్‌లో లేదేమో.

చరిత్ర దగ్గరికి వద్దాం. ఇంగ్లీషువాడు 1884లో మద్రాసు రాజధానిలో స్థానిక బోర్డుల చట్టం తెచ్చాడు. జిల్లా బోర్డులు వచ్చాయి, పెత్తనం మాత్రం కలెక్టర్ దొరగారిది. స్వాతంత్ర్యం వచ్చింది, బోర్డులు పోయాయి, 1959లో ఆంధ్రప్రదేశ్ సొంత చట్టంతో జిల్లా పరిషత్తులు పెట్టుకుంది. ప్రజల ప్రతినిధి ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నాడు. ఇక స్థాయీ సంఘాలు ఉంటాయి కదా, అసలు పని జరిగేది అక్కడే. ఆ సంఘాలన్నిటికీ అధ్యక్షుడు కలెక్టర్ అని ఆ చట్టంలోనే రాశారు. అంటే దొరగారి కుర్చీ పక్క గదిలోకి మారింది, అంతే. ప్రజలకు అధికారం ఒక్కసారిగా ఇచ్చేస్తే అజీర్తి చేస్తుందని మన పెద్దలు ఎంత ముందుచూపుతో ఆలోచించారో చూడండి.

అలాగని ఆ రోజుల్లో ఛైర్మన్ పదవి చిన్నదేం కాదు. ఖమ్మం జడ్పీలో ఆ కుర్చీ ఎక్కిన జలగం వెంగళరావు 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. జడ్పీ నుంచి పైకి వెళ్లడానికి మెట్లుండేవి. సమస్య కూడా అక్కడే వచ్చింది. జిల్లా మొత్తం తిరిగే మనిషి జిల్లాలో ఎమ్మెల్యేలందరి కంట్లో నలుసు.

ఈ సూక్ష్మం తెలియకో, తెలిసీ లెక్కచేయకో, ఎన్టీఆర్ ఒక పెద్ద సాహసం చేశారు. 330 పంచాయతీ సమితులు తీసేసి వెయ్యికి పైగా మండలాలు పెట్టారు. 1987లో జడ్పీ ఛైర్మన్‌ను జిల్లా ఓటర్లే నేరుగా ఎన్నుకునేలా ఎన్నికలు జరిపించారు. ఆలోచించండి, ఒక్క మనిషి వెనక జిల్లా మొత్తం ఓట్లు! ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల ఎంపీకన్నా, పక్కనున్న ఎమ్మెల్యేకన్నా బరువైన మనిషి తయారయ్యాడు. ఇది ప్రమాదమని ఆ చట్టం రాసినవాళ్లకూ అనిపించినట్టుంది, అందుకే పైన జిల్లా అభివృద్ధి సమీక్షా మండలి అని ఇంకోటి పెట్టి, దానికి మంత్రిని అధ్యక్షుణ్ణి చేశారు. కుడిచేత్తో ఇచ్చిన కిరీటాన్ని ఎడంచేత్తో పట్టుకుని ఉండటం అంటే ఇదే. 1994 చట్టం ఆ పొరపాటును పూర్తిగా సరిదిద్దింది. మండలానికో జడ్పీటీసీ, అంటే జిల్లా పరిషత్ సభ్యుడు, ఆ జడ్పీటీసీలు కలిసి ఛైర్మన్‌ను ఎన్నుకోవాలి. ఛైర్మన్‌కు కావాల్సింది ఇక లక్షల ఓట్లు కాదు, నలభై యాభై మంది ఆసాములను నాలుగు రోజులు జాగ్రత్తగా కాపలా కాయగల సామర్థ్యం. రిసార్టు వ్యాపారానికి పంచాయతీరాజ్ వ్యవస్థ చేసిన సేవ మీద ఇంతవరకు ఎవరూ పీహెచ్‌డీ చేయకపోవడం విచారకరం.

ఈ క్యాంపు రాజకీయం పతాక స్థాయికి చేరింది 2014లో. నెల్లూరులో 46 మంది జడ్పీటీసీల్లో వైసీపీ తరఫున 31 మంది గెలిచారు, టీడీపీ తరఫున 15 మంది. జులైలో ఛైర్మన్ ఎన్నిక రోజు చేతులు లెక్కపెడితే 23, 23. ఈ మధ్యలో ఓటర్లు మళ్లీ ఓటేయలేదు, కాబట్టి ఆ ఎనిమిది మంది మనస్సాక్షి స్వయంగా మేల్కొని ఉండాలి. చివరికి చీటీ తీశారు. చీటీ వైసీపీకి వచ్చింది. మనిషి గోడ దూకగలడు కానీ చీటీ దూకలేదని ఆ రోజు తేలింది. పక్కన ప్రకాశంలో టీడీపీ సభ్యుడైన ఈదర హరిబాబు సొంత పార్టీ అభ్యర్థిని కాదని, వైసీపీ మద్దతుతో ఛైర్మన్ అయ్యారు. తర్వాత ఆ పదవి కోర్టుల చుట్టూ తిరిగింది. ఇంకో విశేషం, ఆ ఎన్నికల్లో జనం ఓటేసింది ఏప్రిల్‌లో, ఉమ్మడి రాష్ట్రంలో. ఛైర్మన్లు కుర్చీ ఎక్కేసరికి జులై, రాష్ట్రం రెండైంది. ఓటు ఒక రాష్ట్రంలో, ఫలితం ఇంకో రాష్ట్రంలో.

ఇంత గందరగోళం ఎందుకు, అసలు ప్రతిపక్షం అనేదే లేకపోతే పోలేదా అన్న ఆలోచన తర్వాత వచ్చింది. 2019లో తెలంగాణలో 32 జడ్పీలుంటే 32 టీఆర్ఎస్‌వే. ఇదే పార్టీ 2001లో పుట్టిన కొద్ది నెలలకే కరీంనగర్, నిజామాబాద్ జడ్పీలు గెలిచి, జిల్లా పరిషత్‌తో కూడా రాజకీయం చేయొచ్చని అందరికీ చూపించింది. ఆ పాఠం ఇంకెవరూ నేర్చుకోకుండా చూడటం దాని ధర్మం కదా. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో 13కు 13 వైసీపీ. ఈ ఎన్నికలను టీడీపీ బహిష్కరిస్తున్నట్టు పోలింగ్‌కు వారం ముందు ప్రకటించింది, అప్పటికే పేర్లు బ్యాలెట్‌లో ఉన్నాయి. 660 స్థానాల్లో 126 చోట్ల ఏకగ్రీవమే, పోలింగ్ సిబ్బందికి శ్రమ తప్పింది. మిగతావాటిలో చాలాచోట్ల 2021 ఏప్రిల్ 8న ఓట్లు పడ్డాయి. కోర్టు వద్దంది, మళ్లీ సరే అంది. పెట్టెలు తెరిచింది సెప్టెంబర్ 19న. అయిదు నెలలకు పైగా పెట్టెల్లో ఊరినా ఓటు రుచి మారలేదు. 2020 మార్చిలో మొదలైన ఎన్నిక అది, మధ్యలో కరోనా వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

ఆ తర్వాత మూడేళ్లు మన జడ్పీలకు స్వర్ణయుగం. సర్వసభ్య సమావేశంలో ఎవరూ లేచి అరవరు. ఎమ్మెల్యే మనవాడు, ఎంపీ మనవాడు, మంత్రి మనవాడు, అడగాల్సినవాడూ చెప్పాల్సినవాడూ ఒకటే. అజెండా చదవడం, బల్ల చరచడం, భోజనాలు. రోడ్ల మీద గుంటలు, కుళాయిల్లో నీళ్లు రాకపోవడం లాంటి అప్రస్తుత విషయాలు మినిట్స్‌కు ఎక్కలేదు.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జడ్పీలు మారలేదు. అప్పుడు చూడాలి అద్భుతం. మూడేళ్లుగా నోరు మెదపని జడ్పీటీసీలకు ఆ జూన్‌లోనే గుంటలు కనపడ్డాయి. ఆ గుంటలు గత ప్రభుత్వంలో తవ్వినవని కొత్త ఎమ్మెల్యేలు కనిపెట్టారు. వేదిక మీద కుర్చీ ఎవరికి ఎక్కడ వేయాలి, శిలాఫలకం మీద పేరు ఏ సైజులో ఉండాలి అన్న వాటి మీద చర్చలు గంటల తరబడి సాగాయి. నన్నడిగితే గత ఇరవై ఏళ్లలో జడ్పీలో జరిగిన నిజమైన చర్చ ఇదే. సంబంధం రోడ్డుతో లేకపోతే ఏం, కనీసం శిలాఫలకంతో ఉంది.

కడప సంగతి వేరుగా చెప్పాలి. 2021లో పులివెందుల జడ్పీటీసీ ఏకగ్రీవం, వైసీపీకి. 2025 ఆగస్టులో ఉప ఎన్నిక వచ్చింది. ఆ మండలంలో ఓటర్లు పదివేల చిల్లర. జగన్ సొంత నియోజకవర్గంలో వైసీపీ అభ్యర్థికి ఏడొందల ఓట్లు కూడా రాలేదు, డిపాజిట్ పోయింది, సీటు టీడీపీ ఖాతాలో పడింది. ఓట్లు వేయనివ్వలేదని ఒకరు, ఇన్నేళ్లకు ఓటు వేయగలిగారని ఇంకొకరు అన్నారు. రాజకీయ శాస్త్ర విద్యార్థులు గమనించాలి: ఊరు అదే, ఓటర్లు వాళ్లే. మారింది విజయవాడ అవతల సచివాలయంలో కుర్చీ ఒక్కటే. అంత దూరంనుంచి కూడా అంత కచ్చితంగా సిగ్నల్ అందుకునే యంత్రం జడ్పీటీసీ ఓటరు తప్ప మరొకరు లేరు.

భౌగోళిక విషయాల్లోనూ జడ్పీ తన పట్టు వదల్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయ్యాయి, జడ్పీలు 13గానే ఉండిపోయాయి. తూర్పుగోదావరి జిల్లా పరిషత్ ఆఫీసు కాకినాడలో ఉంది. కాకినాడ ఇప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో లేదు. పశ్చిమగోదావరి జడ్పీ ఏలూరులో ఉంది. ఏలూరు పశ్చిమగోదావరిలో లేదు. తూర్పుగోదావరి జడ్పీ కిందే ఉన్న చింతూరు జడ్పీటీసీ ఏజెన్సీ కొండలు దిగి, నదులు దాటి, కాకినాడ వచ్చి రోడ్డు బాగాలేదని చెప్పాలి. వచ్చిన దారే సాక్ష్యం కాబట్టి అదనంగా ఫొటోలు జత చేయనక్కర్లేదు.

డబ్బుల విషయం క్లుప్తంగా. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 దాకా ఇచ్చిన గ్రాంట్లు గ్రామ పంచాయతీలకే, జడ్పీలకు సున్నా. 15వ సంఘం జాలిపడి మళ్లీ వాటా ఇచ్చింది. మన దగ్గర జడ్పీ పేరు నేటికీ జనం నోట ఉందంటే అది ఊరూరా బడి గోడల మీదున్న జడ్పీహెచ్ఎస్, అంటే జిల్లా పరిషత్ హైస్కూల్, అనే అక్షరాల పుణ్యం. ఆ బడిలో పంతులు ఎవరో, ఎప్పుడు బదిలీ అవుతాడో నిర్ణయించేది విద్యాశాఖ.

2021లో ఆంధ్రప్రదేశ్‌లో కుర్చీ ఎక్కిన ఈ పాలకవర్గాల గడువు 2026 సెప్టెంబర్‌తో తీరుతుంది. కాబట్టి ఇప్పుడే ఒక సంస్కరణ ప్రతిపాదిస్తున్నాను. అసెంబ్లీ ఫలితాలు వచ్చిన సాయంత్రమే, గెలిచిన పార్టీ రాష్ట్ర కార్యాలయం నుంచి జడ్పీ ఛైర్మన్ల జాబితా విడుదల చేసేస్తే సరిపోతుంది. నోటిఫికేషన్, రిజర్వేషన్ లెక్కలు, కోర్టు కేసులు, స్ట్రాంగ్ రూములు, రిసార్టు బిల్లులు, అన్నీ మిగులుతాయి. ఒక్క మినహాయింపు. పోలింగ్ రోజు ఇచ్చే సెలవు మాత్రం అలాగే ఉంచాలి, దాన్ని తీసేస్తే ఉద్యోగ సంఘాలు ఊరుకోవు.