రామప్పకు అరగంట చాలదు

సెలవులకు ఇండియా వెళ్లేవాళ్ల కోసం విదేశాల్లోని మన తెలుగు సంఘాల్లో చేతులు మారే ప్రయాణ ప్రణాళికలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. పొద్దున ఆరింటికి హైదరాబాద్‌లో బయల్దేరడం, వేయిస్తంభాల గుడి, రామప్ప, లక్నవరం, వీలైతే బొగత జలపాతం, రాత్రికి మళ్లీ హైదరాబాద్. ఒక్కసారి లెక్క వేసి చూడండి. హైదరాబాద్ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట 200 కిలోమీటర్ల పైమాటే. దారిలో టిఫిన్‌తో కలిపి నాలుగున్నర గంటలు. రానూపోనూ తొమ్మిది గంటలు కారులోనే గడుస్తాయి. మిగిలిన పగటిని నాలుగు చోట్లకు పంచితే, 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడికి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గుడికి, దక్కేది అరగంట. పిల్లలకు కాకతీయులను పరిచయం చేసే తీరు ఇది కాదు. రెండు పగళ్లు, ఒక రాత్రి పెట్టుకోండి. పాలంపేట, దానికి దగ్గర్లో కాకతీయుల నాటి గుళ్ల సముదాయమైన గణపురం కోటగుళ్లు, ఈ రెండే చూడండి. లక్నవరం వంతెనను ఇంకోసారి చూడొచ్చు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పదకొండు దాటితే గుడి అరుగు మీద అరికాళ్లు మోపలేరు. చెప్పులు బయటే విడవాలి కాబట్టి పిల్లలకూ పెద్దవాళ్లకూ మందపాటి మేజోళ్లు తీసుకెళ్లండి. వేసవి సెలవులని జూలైలో వెళ్లేవాళ్లు వానను తేలిగ్గా తీసుకోవద్దు. 2023 జూలై చివర్లో పాలంపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాగులు పొంగితే దారులు మూసుకుపోతాయి, కాబట్టి తిరుగు విమానానికి ముందు రోజు ఈ ప్రయాణం పెట్టుకోకూడదు. సంక్రాంతికి వెళ్లేవాళ్లు చూసుకోవాల్సింది మేడారం జాతర. సరి సంవత్సరాల్లో మాఘ పౌర్ణమి దగ్గర జరుగుతుంది. జాతర నాలుగు రోజులే అయినా, అంతకు ముందు కొన్ని వారాల నుంచే ములుగు రోడ్డు కిక్కిరిసిపోతుంది, హనుమకొండలో గదులు దొరకవు.

హైదరాబాద్ నుంచే కారు మాట్లాడుకోవడం కంటే సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలోనో వరంగల్‌లోనో దిగడం మేలు. రెండు గంటల పైచిలుకు ప్రయాణం, టికెట్లు 60 రోజుల ముందు నుంచి ఇస్తారు. రెండు రోజులకు ట్యాక్సీ హనుమకొండలో మాట్లాడుకోండి. రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు కడతారో, డ్రైవర్ బత్తా ఎంతో, రాత్రి ఆపితే అదనంగా ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకుంటే చివర్లో మాటామాటా పెరగదు. రామప్ప చెరువు దగ్గర పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి కానీ తక్కువ. అవి దొరకవన్న లెక్కతోనే హనుమకొండలో గది చూసుకోండి.

ఎక్కువమంది దారి తప్పేది ఊళ్ల పేర్ల దగ్గర. మీకు కావలసింది ములుగు దాటాక జాతీయ రహదారి దిగి వెళ్లే వెంకటాపూర్. అదే జిల్లాలో గోదావరి అవతలి ఒడ్డున నూగూరు వెంకటాపురం అని ఇంకో ఊరుంది. మ్యాప్‌లో పొరపాటున దాన్ని నొక్కితే సగం పగలు పోయినట్టే. గణపురం విషయంలోనూ అంతే. కోటగుళ్లున్నది భూపాలపల్లి జిల్లాలోని గణపురంలో. ఉత్త ‘ఘన్‌పూర్’ అని వెతికితే ఫోను స్టేషన్ ఘన్‌పూర్‌కు తీసుకెళ్లొచ్చు. అది జనగామ జిల్లాలో, వరంగల్‌కు ఇటు హైదరాబాద్ వైపున ఉంది. మ్యాప్‌ను హనుమకొండలోనే ఫోనులో దింపుకుని, గమ్యంగా ‘రామప్ప గుడి’, ‘గణపురం కోటగుళ్లు’ అనే పెట్టుకోండి.

గుడి తూర్పు ముఖంగా ఉంది. తలుపులు తెరిచే వేళకు చేరుకుంటే ఎండ మండపంలోకి వస్తుంది, జనమూ ఉండరు. ముందు లోపలికి పరుగెత్తకుండా ఆరడుగుల అరుగు మీద చుట్టూ ఒకసారి నడవండి. గోడల మీది ఏనుగుల వరుసను పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. మూడు ద్వారాల దగ్గర చూరు కింద పన్నెండు మదనికలు, అంటే నాట్య భంగిమల్లోని స్త్రీ శిల్పాలు, ఉన్నాయి. ఎర్ర ఇసుకరాతి గుడికి ఇవి మాత్రం నల్లరాతివి. ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కున్న మదనికను వెతకమని పిల్లలకు పని చెప్పండి. నల్లరాతి మీద ఫోను ఫ్లాష్ వేస్తే మెరుపే తప్ప ఏమీ కనబడదు. లోపలి స్తంభాల దగ్గర ఒకరు టార్చిని పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించినంత వాలుగా పడితే నగల పూసల మధ్య సందులు కూడా నీడతో తేలతాయి. గర్భగుడి వాకిలి పక్కనున్న శిల్పం కొడితే మోగుతుందని ఎవరైనా చెబితే చెవితో నమ్మండి, వేళ్లతో కొట్టి చూడొద్దు. ఎనిమిది వందల ఏళ్ల రాయి అది. గుడి శిఖరాన్ని నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు, అలాంటి ముక్క కోసం పిల్లలు నేల వెతకడం కూడా ఆపించాలి.

గణపురం అక్కడికి సుమారు పది కిలోమీటర్లు. రెండో రోజు పొద్దున్నే వెళ్లండి. రాతి ప్రాకారం లోపల పెద్ద గుడి చుట్టూ చిన్నవి, మొత్తం 22. పెద్ద గుడిలో పూజ ఉంది, చిన్నవాటిలో చాలావరకు శిథిలాలే. రామప్ప చూశాకే ఇక్కడికి రావాలని గట్టిగా చెబుతాను. అక్కడ పూర్తి రూపం చూసిన కంటికి ఇక్కడ విడివిడిగా పడి ఉన్న రాళ్లలో ఏది దూలమో, ఏది చూరు ముక్కో తెలుస్తుంది. వదులు రాళ్లెక్కి ఫొటోలు దిగొద్దు. గడ్డి పెరిగిన చోట పాములుంటాయి, మూసిన బూట్లతో వెళ్లి గుడి మెట్టు దగ్గర విప్పండి. మరుగుదొడ్డి, తాగునీరు అక్కడ దొరుకుతాయని లెక్క పెట్టుకోవద్దు.

డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. కొండలెక్కేవాళ్లు వాడే శాటిలైట్ మెసేజ్ పరికరాలూ అనుమతి లేకుండా తేకూడదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లకు జాతీయ స్మారకాల్లో భారతీయుల ప్రవేశ రుసుమే వర్తిస్తుంది, కార్డు వెంట ఉంచుకోండి. ఊళ్లో టీ కొట్టుకు విదేశీ క్రెడిట్ కార్డు పనికిరాదు. యూపీఐ లేకపోతే యాభై, వంద నోట్లు దగ్గర పెట్టుకోండి.

పాలంపేట బస్సు దిగి ఫొటో తీసుకునే తెర కాదు, మనుషులు బతుకుతున్న ఊరు. పొలంలో పని చేసేవాళ్లను, బడిపిల్లలను అడగకుండా ఫొటో తీయొద్దు. చాక్లెట్లు పంచొద్దు. భోజనం ఊళ్లోనే చెప్పి చేయించుకోండి, గుడి గురించి చెప్పే స్థానికులకు మాట్లాడుకున్న డబ్బు పూర్తిగా ఇవ్వండి.

తిరిగొచ్చాక చాలా సంఘాలు ఉత్సాహంగా చందాలు మొదలుపెడతాయి. అక్కడే ఆగి ఆలోచించాలి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి కావాలి. మన పేరుతో ఆర్చీలు, షెడ్లు అక్కడ లేవవు. అమెరికాలో నమోదైన సంఘం డబ్బు, విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేని గ్రామ కమిటీ దాన్ని తీసుకుంటే చిక్కుల్లో పడేది ఆ ఊరివాళ్లే. నమోదున్న సంస్థ కూడా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతా ద్వారానే తీసుకోవాలి. కాబట్టి కార్యవర్గం ముందు తేల్చుకోవాల్సింది ఎంత పోగు చేద్దామని కాదు. ఎవరి నమోదు సంఖ్య మీద, ఏ పనికి, ఎవరి అనుమతితో పంపుతున్నామో రాతపూర్వకంగా చేతికొచ్చాకే చందా ప్రకటన వేయాలి.