పాము ఆట మన స్థాయికి తగదు

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్ల ఆశల మీద నీళ్లు చల్లడమే పనిగా పెట్టుకున్న ఒక వర్గం మన మధ్య చాలాకాలంగా ఉంది. పిల్లవాడు ఉత్సాహంగా వచ్చి "లక్షల మంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ గేమ్ చేద్దామనుకుంటున్నా" అనగానే వీళ్లు కళ్లజోడు సవరించుకుని "ముందు పాము ఆట రాయి నాయనా, తర్వాత చూద్దాం" అంటారు. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. పాము ఆటలో ఏముంది? ఒక పాము, ఒక పండు, నాలుగు గోడలు. రాజ్యాల్లేవు, వంశాల్లేవు, సంతలో కత్తుల బేరం లేదు. పైగా అది పూర్తవుతుంది. పూర్తయినదాన్ని ఎవడో ఒకడు ఆడి చూసి బాగాలేదనే ప్రమాదం ఉంది. పూర్తికాని మహాప్రపంచానికి ఆ బెడద లేదు.

ఈ కుర్రాళ్లకు అర్హత ఏదని అడుగుతారు. అడిగేవాళ్లు మన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల వైపు ఎప్పుడైనా వెళ్లారా? కుర్రాడు టర్బో సి అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ నీలం తెర ముందు కూర్చుని ఫిబొనాచ్చి, పాలిండ్రోమ్, ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్ మూడూ రికార్డులోకి ఎక్కించి, ఎక్స్‌టర్నల్ ముందు వైవా గట్టెక్కినవాడు. పాయింటర్లు చాయిస్‌లో వదిలేశాడు, నిజమే. కంప్యూటర్ నెట్‌వర్క్స్ మూడో సంవత్సరం సబ్జెక్టు. ఆట ఆన్‌లైన్‌ది కాబట్టి అది కొంత అవసరం పడొచ్చు గానీ, అప్పటిదాకా నెట్‌వర్క్‌తో పనిలేని భాగాలు పూర్తిచేసుకోవచ్చు కదా.

మా మేనల్లుడు సరిగ్గా అదే చేస్తున్నాడు. వాడి ఆట కురుక్షేత్ర యుద్ధం. లోగో అయిపోయింది. ట్రైలర్‌కి సంగీతం ఎంపికైంది. గాండీవానికి బంగారు రంగు వేయించుకోవాలంటే 99 రూపాయలని ధరల పట్టిక సిద్ధమైంది. ఆటగాళ్లు కబుర్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో ప్రకటనలకో చానెల్, నిబంధనలకో చానెల్, నిషేధం పడ్డవాళ్లు మొరపెట్టుకోవడానికో చానెల్ తెరిచాడు. నిషేధించడానికి ఇంకా ఎవరూ చేరలేదు.

"ఎంతమంది ఆడొచ్చురా?" అన్నాను.

"మొత్తం, మామయ్యా. పద్దెనిమిది అక్షౌహిణులు. ఒకే మ్యాప్."

"కోడ్ ఎవరు రాస్తారు?"

"దానికెవరో ఒకరు దొరుకుతార్లే. ఐడియా నాది కదా."

వాడి వెనక నిలబడదామని కాగితం, పెన్సిల్ తీసుకున్నాను. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. వెరసి 2,18,700. పద్దెనిమిదింటికి 39,36,600. ఇలాంటి ఆటలో సర్వర్, అంటే అందరినీ కలిపే కంపెనీ కంప్యూటర్, చేసే పని చెప్పుకోవడానికి సులువే. ఒకడు అడుగు వేస్తే చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఆ సంగతి చేరవేయాలి. ఒక మైదానంలో వెయ్యి మంది ఒకరికొకరు కనిపిస్తూ కదులుతుంటే, ఒక్కో విడతకు 9,99,000 కబుర్లు. సెకనుకు 20 విడతలనుకుంటే దాదాపు 2 కోట్లు. ఇది వెయ్యి మందికే. మావాడి మైదానంలో ఒక్క విడతకే సుమారు పదిహేనున్నర లక్షల కోట్లు వస్తాయి. ఇలాంటి అంకెలు కేంద్ర బడ్జెట్ రోజున తప్ప మన కంటపడవు. ఏనుగులకు లాగిన్ అక్కర్లేదు కదా అని మీరు అనొచ్చు. ఏనుగు ఎక్కడుందో తెలియకపోతే ఎవరికి నష్టమో ఆలోచించండి.

ఐస్‌లాండ్‌లో సీసీపీ అనే సంస్థ 2003 నుంచి ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆట నడుపుతోంది. 2020లో అక్కడి ఒక యుద్ధంలో ఒకే సమయంలో 6,557 మంది తలపడితే గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. అంతమంది ఒకచోట చేరితే సర్వర్‌కి ఊపిరాడదు. అందుకని ఆ కంపెనీ ఏకంగా కాలాన్నే నెమ్మది చేసేస్తుంది, అవసరమైతే పదో వంతు దాకా. ఒక సెకనులో జరగాల్సింది పది సెకన్లు జరుగుతుంది. ఆ పద్ధతి మనం తెచ్చుకుంటే 18 రోజుల యుద్ధం ఆరు నెలలు సాగుతుంది. అంపశయ్య మీద భీష్ముడి 58 రాత్రులు 580 అవుతాయి. ఆయనది ఇచ్ఛామరణం కనుక లాగౌట్ అయ్యే వరం ఉంది. మిగతావాళ్ల సంగతే చూడాలి.

అనుభవం ఉన్నవాళ్లే చేయాలన్న వాదన వినీ వినీ విసిగిపోయాను. అనుభవం ఏం ఒరగబెట్టింది? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను 2004లో విడుదల చేసి, 2010 నాటికి కోటీ ఇరవై లక్షల మంది చేత నెలనెలా చందా కట్టించుకున్న బ్లిజార్డ్ కంపెనీ, టైటాన్ అనే మరో మహాప్రపంచం మొదలుపెట్టింది. ఏడేళ్లు చెక్కి, చివరికి మానుకున్నామని 2014లో చెప్పింది. ఏలినాటి శనికి ఆరు నెలలు తక్కువ. మావాడు పని మొదలుపెట్టకుండానే ఆ దశకు చేరగలడు, పైసా ఖర్చు లేకుండా. స్క్వేర్ ఎనిక్స్ 2010లో ఫైనల్ ఫాంటసీ పద్నాలుగో ఆట విడుదల చేస్తే, అందులో ఒక పూలకుండీని మనిషి పాత్రను చెక్కినంత శ్రద్ధగా, దాదాపు అన్నే పాలిగన్లు (త్రీడీ బొమ్మను కట్టే చిన్న చిన్న పలకలు) పెట్టి చెక్కారు. నలుగురు మనుషులు, పది పూలకుండీలు ఒకచోట చేరితే కంప్యూటర్‌కి పద్నాలుగు మందితో సమానమన్నమాట. ఆట కుంటుపడింది. ఆఖరికి 2012 నవంబరులో ఆ లోకం మీద చిన్న చంద్రుణ్ణి కూల్చి మూసేసి, మరుసటి ఏడు ఆగస్టులో కొత్తది కట్టుకున్నారు. ఓటమిని ఇంత వైభోగంగా ఒప్పుకున్న కంపెనీ ఇంకోటి నాకు కనిపించలేదు.

ఇక ఈ కుర్రాళ్లందరూ దేవుడి పటంలా గోడకు తగిలించుకునే ఉదాహరణ రూన్‌స్కేప్. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఆండ్రూ గోవర్ అనే కుర్రవాడు, తమ్ముడు పాల్ తోడుగా, తల్లిదండ్రుల ఇంట్లోంచే 2001లో దాన్ని లోకం మీదికి వదిలాడు. లక్షల మంది ఆడారు. ఆ ఆండ్రూ చిన్నప్పటినుంచీ చిన్న చిన్న ఆటలు రాస్తూ వచ్చాడనీ, రూన్‌స్కేప్‌కు ముందు దాదాపు అలాంటిదే ఇంకోటి కట్టి పక్కన పడేశాడనీ కొందరు గుర్తుచేస్తుంటారు. అది అప్రస్తుతం.

మావాడి డిజైన్‌లో నాకు బాగా నచ్చినది వాడి నమ్మకం. ఆటగాడి ఫోన్ "నా బాణం కర్ణుడికి తగిలింది" అంటే సర్వర్ ఔనంటుంది. "నా దగ్గర పది కోట్ల వరహాలున్నాయి" అంటే రాసుకుంటుంది. ఆటగాడి యంత్రం చెప్పే ఏ మాటా నమ్మకూడదనీ, ప్రతి లెక్కా సర్వర్ తనంతట తాను వేసుకోవాలనీ ఈ పనిలో తలపండినవాళ్లు పట్టుబడతారు. హరిశ్చంద్రుడు పుట్టిన దేశంలో ఇంత అనుమానం అవసరమా?

జనం ఎలాంటివారో 1997లో రిచర్డ్ గారియట్‌కు తెలిసింది. అల్టిమా ఆన్‌లైన్ ఆయన సృష్టి. అడవిలో కుందేళ్లుంటాయి, వాటిని తోడేళ్లు తింటాయి, అంతా ప్రకృతి ధర్మం ప్రకారం నడుస్తుందని ఆయన బృందం ఎంతో ముచ్చటపడి ఏర్పాటు చేసింది. తలుపులు తీయగానే ఆటగాళ్లు కుందేలనక తోడేలనక కదిలిన ప్రతిదాన్నీ నరికేశారు. ధర్మానికి దిగే వ్యవధి చిక్కలేదు. ఆ ఏర్పాటు తీసేయాల్సి వచ్చింది. విడుదలకు ముందు జరిగే బీటా పరీక్షల చివర్లో గారియట్ లార్డ్ బ్రిటిష్ అనే రాజు వేషంలో ప్రజలకు దర్శనమిచ్చారు. రాజుకు చావు తగలకుండా ఒక సెట్టింగ్ ఉండేది. సర్వర్ ఒకసారి పడి లేచాక దాన్ని మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయారు. గుంపులోంచి ఒకడు అగ్నిమంత్రం ప్రయోగించాడు. రాజు పోయాడు.

ఈ కథ చెప్పాక మావాడు ఆ రాత్రే కూర్చుని అడ్మిన్‌కు చావు లేకుండా ఒక షరతు రాశాడు. ఆట మొత్తంలో ఇప్పటికి రాసిన కోడ్ అదొక్కటే. నాకు అనుమానం, వీళ్లలో చాలామందికి కావలసింది ప్రజలు. ఆట అనేది ప్రజల్ని పోగుచేసే మార్గం. పాము ఆటలో పాలించడానికి పాము ఒక్కటే దొరుకుతుంది, అదీ మాట వినదు.

మొన్న డిస్కార్డ్‌లో ప్రకటన పెట్టాడు. సర్వర్ ప్రోగ్రామర్లు ఆరుగురు, త్రీడీ ఆర్టిస్టులు పదిమంది కావాలి. జీతం ఉండదు, విడుదలయ్యాక లాభంలో వాటా. సీరియస్‌గా పనిచేసేవాళ్లే రావాలి. "మరి నువ్వేం చేస్తావురా?" అంటే "డైరెక్షన్" అన్నాడు.

నోరు ఊరుకోలేదు. "పోనీ మొదట ఇద్దరు ఆడేలా చెయ్యకూడదట్రా? భీముడు, దుర్యోధనుడు, రెండు గదలు. మడుగు ఒడ్డు ఒక్కటి గీస్తే చాలు. ఒకే కంప్యూటర్, ఒకే కీబోర్డ్. నువ్వూ నేనూ ఆడుకుందాం."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. కాసేపటికి ప్రకటనల చానెల్‌లో నా పేరు కనిపించింది. నాకు శల్యుడి పాత్ర ఇచ్చాడు. చేరిన మొదటి మనిషిని నేనే. నిషేధాల చానెల్‌కు కూడా త్వరలోనే పని పడేలా ఉంది.