ఉగాదికి టమాటా విత్తమంటున్న ఆ మెసేజ్‌లో నిజమెంత?

"ఉగాదితో వసంతం వచ్చేసింది. ఈ ఆదివారమే పిల్లలతో డాబా మీద టమాటా, కొత్తిమీర విత్తండి. మట్టిలో బీచ్ ఇసుక కలపండి. గుడ్డు పెంకులు వేస్తే వేరే ఎరువు అక్కర్లేదు. నీళ్లు రోజూ పోయించండి. పెరటి మొక్క ఏదీ పిల్లలకు హాని చేయదు." విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారం ఇది. పిల్లల చేత మట్టి పట్టించమనడం వరకు బాగుంది. మిగతా సలహాలు మాత్రం మన ఊరికి సరిపడవు.

ముందు కాలం సంగతి. మంచు కురిసే దేశాల్లో వసంతంలో నేల వేడెక్కుతుంది కాబట్టి అక్కడ టమాటా అప్పుడే వేస్తారు. మనకు చైత్రంలో ఎండలు ముదురుతాయి. ఇప్పుడు వేసిన టమాటా మే నెలకి పూతకొస్తుంది. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పూత రాలడం మొదలవుతుంది. మే నెలలో విశాఖ రాత్రులు 27, 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. మొక్క పచ్చగా ఏపుగానే ఉంటుంది, కాయ మాత్రం నిలవదు. కొత్తిమీర అయితే నాలుగాకులు వేసి పూతకెళ్లిపోతుంది. రెంటినీ అక్టోబరు, నవంబరుకి వాయిదా వేయండి.

ఇప్పుడు వేయాల్సినవి తోటకూర, గోంగూర, బెండ. అయిదేళ్ల పిల్లల ఓపికకు తోటకూరే తగింది: మూడు నుంచి అయిదు రోజుల్లో మొలుస్తుంది, నెలకి కోతకొస్తుంది. గింజ మరీ సన్నం కనుక ఒక చెంచా గింజలకు నాలుగు చెంచాల పొడి ఇసుక కలిపి పిల్లల చేత చల్లించండి. పైన పల్చగా మట్టి జల్లితే చాలు, మందంగా కప్పితే మొలవదు. గింజలు చీమలు ఎత్తుకుపోకుండా తడి గోనెపట్టా కప్పి, మొలక కనబడగానే తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే మొలకలు తెల్లగా సాగిపోతాయి. బెండ గింజల్ని రాత్రంతా నానబెట్టి, 12 అంగుళాల గ్రో బ్యాగుకు (మొక్కలు పెంచే సంచికి) రెండేసి, పిల్లల వేలి కణుపు లోతున పెట్టించండి. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని కత్తెరతో కత్తిరించాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

బీచ్ ఇసుకలో ఉప్పుంటుంది, గవ్వల సున్నమూ ఉంటుంది. కడిగితే ఉప్పు తగ్గొచ్చు గానీ సున్నం పోదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెచ్చుకోవచ్చని ఇంకొందరు జోడిస్తున్నారు. అది భూవారసత్వ స్థలం, అంటే భూమి చరిత్రకు ఆనవాలుగా కాపాడుతున్న చోటు, అక్కణ్ణుంచి గుప్పెడు కూడా తీయకూడదు. నర్సరీ ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, బ్యాగుకు గుప్పెడు వేపపిండి సరిపోతాయి. కొబ్బరిపొట్టులోనూ ఉప్పుంటుంది కాబట్టి నానబెట్టి, పిండి, రెండుసార్లు నీళ్లు పారబోయండి. పచ్చి పేడ జోలికి పోవద్దు. దాని వేడికి వేళ్లు మాడతాయి, పిల్లల చేతులకు క్రిములు అంటుతాయి.

గుడ్డు పెంకుల్లో ఉన్నది దాదాపు అంతా సున్నమే. మట్టిలో అది కరగడానికి చాలా కాలం పడుతుంది, పైగా నత్రజని దాదాపు ఉండదు. ఎరువు కింద లెక్కేయకండి. కడగని పెంకుల్ని పిల్లల చేత నలిపించడం అసలే వద్దు.

నీళ్ల విషయంలో మెసేజ్ వేళ చెప్పలేదు. ఎండలో పడున్న పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. వాటిని బకెట్లోకి వదిలేసి, పొద్దున ఏడింటిలోపు చిన్న మగ్గుతో పోయించండి. డాబా మీద బ్యాగుల్ని ఇటుకల మీద ఎత్తిపెట్టండి, లేకపోతే స్లాబు వేడికి వేళ్లు ఉడికిపోతాయి. కింద పెట్టిన పళ్లేల్లో నీళ్లు వారం నిలిస్తే దోమలు పుడతాయి.

పెరటి మొక్క ఏదీ హాని చేయదన్న మెసేజ్ ఆఖరి మాట అన్నిటికంటే ప్రమాదకరం. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త మూడూ విషమే. మొదటి రెండూ గుండె లయనే దెబ్బతీస్తాయి. పూజ కోసం పెంచుకుంటే పిల్లల చేతికందని చోట ఉంచి, రాలిన కాయలు రోజూ ఏరేయండి. పిల్లలు నమిలారని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. నోట్లో మిగిలింది తీసేసి, 108కి ఫోన్ చేసి, ఆ మొక్క కొమ్మను కవర్లో వేసుకుని ఆసుపత్రికి వెళ్లండి.